ఏడ్చినవాళ్ళందరి గురించీ రాయకు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. వాక్యం సాఫీగా నడుస్తోంది, చదివిస్తోంది. మెచ్చుకోలు ఇంతటితో సరిపెట్టుకో. మొదటి పేజీ దాటకముందే నాకు కోపం వచ్చింది, నాలుగో పేజీకి వచ్చేసరికి అది ఇంకా పెరిగింది. చేతికి దొరికిన మంచి విషయాన్ని నువ్వే తొక్కుకుంటూ వెళ్ళిపోయావు.

'ప్రపంచమంతా కన్నీరు పెట్టింది' అని మొదలుపెట్టావు. 2021 ఫిబ్రవరి 5న న్యూయార్క్ టైమ్స్ పత్రిక డాక్యుమెంటరీ సిరీస్‌లో భాగంగా, అమెరికన్ పాప్ గాయని బ్రిట్నీ స్పియర్స్ మీద తీసిన 'ఫ్రేమింగ్ బ్రిట్నీ స్పియర్స్' విడుదలైంది. దాన్ని చూసి ఎవరెవరు ఏమన్నారో పోగేసి పేజీలకు పేజీలు నింపావు. ఒకరికి గుండె తరుక్కుపోయింది, ఒకరికి సిగ్గేసింది, ఒకరు మీడియాను తిట్టారు, ఒకరు ఆమె బతుకును తన చేతిలో పెట్టుకున్న తండ్రిని తిట్టారు. వాళ్ళెవరు? ఏ ఊరు? ఎంత వయసు? ఆమె పాట మొదట ఎక్కడ విన్నారు? ఒక్కరి ముఖమూ నాకు కనపడలేదు. ఈమధ్య ఏ వార్త తీసినా 'నెటిజన్లు మండిపడుతున్నారు', 'నెటిజన్లు ఫిదా అవుతున్నారు' అనే రాస్తున్నారు. ఫోనులో నాలుగు వ్యాఖ్యలు చూసి అదే లోకాభిప్రాయమని అచ్చేస్తున్నారు. కుర్చీలోంచి లేవకుండా రాసే ఈ పద్ధతి మన పత్రికలకు పట్టిన చీడ. వయసులో ఉన్నదానివి, నాలుగిళ్ళు తిరిగి నలుగురితో మాట్లాడగలవు. నీకెందుకు ఈ అలవాటు?

నా నమ్మకం ఒకటి చెబుతాను. దీనికోసం జీవితమంతా సంపాదకులతో పోట్లాడాను, ఇప్పుడు నీతోనూ పోట్లాడతాను. ప్రేక్షకుల గురించి రాయాలంటే ఒక్క మనిషిని పట్టుకోవాలి. ఆ మనిషి ఇవాళ ఏం చూసి ఏడ్చిందో రాస్తే చాలదు. అదే మనిషి ఒకప్పుడు ఏం చూసి నవ్విందో కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్న అడగని వ్యాసం ఎంత బాగా రాసినా నాకు అక్కర్లేదు.

బ్రిట్నీ విషయంలో ఆ ప్రశ్న నుంచి తప్పించుకునే వీలే లేదు. 2007 ఫిబ్రవరి 16 రాత్రి ఆమె కాలిఫోర్నియాలోని టార్జానాలో ఒక సెలూన్‌లోకి వెళ్ళి తన తల తనే గొరిగేసుకుంది. అప్పటికి ఆమెకు 25 ఏళ్ళు. ఇద్దరు పసిపిల్లల తల్లి, విడాకుల గొడవలో ఉంది. అద్దాల అవతల కెమెరాలు ఎగబడుతున్నాయి. కొద్దిరోజులకు గొడుగు తీసుకుని ఒక ఫొటోగ్రాఫర్ కారును బాదింది. ఆ ఫొటోలూ లోకమంతా చుట్టివచ్చాయి. వాటికి అంత గిరాకీ ఉందంటే డబ్బిచ్చి ఆ పత్రికలు కొన్నవాళ్ళు ఉన్నారు, టీవీ కట్టేయకుండా చూసినవాళ్ళు ఉన్నారు. 2021లో కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా.

ఆ డాక్యుమెంటరీలో ఒక చిన్న తునక ఉంది. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. నేను ఆపి ఆపి చూశాను. టీవీలో కుటుంబాలు పోటీపడే ఆట అది. గత ఏడాదిలో బ్రిట్నీ పోగొట్టుకున్నది ఏదైనా ఒకటి చెప్పండి అని ప్రశ్న. భర్త అంటారు, జుట్టు అంటారు. నవ్వులు, చప్పట్లు. ఆ ఆట నియమం గమనించావా? అక్కడ సరైన జవాబంటే నిజమైన జవాబు అని అర్థం కాదు. ముందుగానే వందమందిని అదే ప్రశ్న అడిగి పెట్టుకుంటారు. వాళ్ళలో ఎక్కువమంది ఏమన్నారో అదే చెప్పినవాళ్ళు గెలుస్తారు. అంటే ఒక పిచ్చెత్తిన కాలంలో మామూలు మనుషులు ఆ అమ్మాయి గురించి ఏమనుకున్నారో ఆ బోర్డు మీద వరుసగా రాసిపెట్టి ఉంది. వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. ఇంటికి వెళ్ళి పిల్లలకు అన్నం పెట్టుకునేవాళ్ళే. ప్రేక్షకుల స్పందన గురించి రాసే మనిషికి ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? నువ్వు మాత్రం 'ఎగతాళి చేశారు' అని రాసి ముందుకు పోయావు.

అలాగని 2007లో అందరూ నవ్వారని రాస్తే అదీ అబద్ధమే. 'అందరూ' అన్నదానితోనే కదా నా గొడవ. ఆ ఫిబ్రవరిలోనే క్రెయిగ్ ఫెర్గూసన్ అనే టీవీ వ్యాఖ్యాత, జోకులు చెప్పి బతికే మనిషి, తన తాగుడు రోజులు గుర్తుచేసుకుని, ఈమె మీద నేను జోకులు వేయను అని తన కార్యక్రమంలోనే ప్రకటించాడు. హాలులో కూర్చున్నవాళ్ళు మొదట అలవాటు కొద్దీ నవ్వారు. అది జోకు కాదని వాళ్ళకు తెలియడానికి కొంత సేపు పట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో టెనెసీకి చెందిన 19 ఏళ్ళ అభిమాని ఒకరు, బ్రిట్నీని వదిలేయండి అని వెక్కి వెక్కి ఏడుస్తూ వీడియో పెట్టారు. లక్షలమంది చూశారు, చాలామంది నవ్వుకోవడానికే చూశారు. 2021 వచ్చేసరికి అదే ఏడుపును జనం న్యాయమైనదన్నారు. ఒకే వీడియో, ఒకే కన్నీళ్ళు. చూసేవాళ్ళే మారారు. ఎలా మారారో, ఎప్పుడు మారారో, మారామని తమకు తెలుసో లేదో, అది రాయవలసినది నువ్వు.

డాక్యుమెంటరీ వచ్చిన వారానికి, ఒకప్పుడు ఆమె ప్రియుడైన గాయకుడు జస్టిన్ టింబర్‌లేక్ క్షమాపణ చెప్పాడు. గ్లామర్ పత్రిక, జరిగినదానికి మనందరిదీ తప్పే అంది. ఈ రెంటినీ నువ్వు ఒకే గాటన కట్టి గొప్ప మార్పు అన్నావు. టింబర్‌లేక్ తన పేరుతో, తన వంతు గురించి మాట్లాడాడు. అది చాలినంతగా ఉందో లేదో తూచి చూడవచ్చు. 'మనందరిదీ' అన్నప్పుడు తూచడానికి ఏమీ మిగలదు. అంతమందికి పంచిన తప్పులో ఎవరి వాటాకూ ఏమీ రాదు.

నా సంగతి ఒకటి చెప్పాలి. 1996 సెప్టెంబరులో సిల్క్ స్మిత మద్రాసులో చనిపోయినప్పుడు, అభిమానుల స్పందన రాసి పంపమని ఒక వారపత్రిక నన్ను అడిగింది. ఏలూరు ప్రాంతంలో పుట్టిన మనిషి కనుక మనవాళ్ళ స్పందన కావాలన్నారు. నేను సినిమా హాళ్ళ చుట్టూ తిరగలేదు. మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. "ఇక్కడికొచ్చే ఆడవాళ్ళు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళండీ" అంది ఆవిడ. "తిడుతూనే పర్సులోంచి మడతపెట్టిన కాగితం తీసి, వెనక మెడ ఇలా కావాలి అని ఆమె బొమ్మే చూపించేవాళ్ళు." కుట్టుమిషను సొరుగు లాగితే బాబిన్ల అడుగున అలాంటి కాగితాలు ఇంకా ఉన్నాయి, వారపత్రికల్లోంచి కత్తిరించినవి. ఒకదాని మీద, సరిగ్గా ఆమె భుజం పక్కన, ఎవరిదో చేతి కొలత పెన్సిలుతో రాసి ఉంది. ఆ కబురు విన్న రోజు ఆ కాగితాలన్నీ తీసి చూసుకున్నానని, పారేయబుద్ధి కాలేదని చెప్పింది. ఒకామె వచ్చి, నా కాగితం నాకిచ్చెయ్యి అని పట్టుకుపోయిందట.

రాత్రంతా మేలుకుని రాసి పంపాను. అచ్చులో ఆ కుట్టుపని ఆవిడ లేదు. 'శోకసముద్రంలో మునిగిన అశేష అభిమానులు' అని నేను రాయని వాక్యం నా పేరు కింద ఉంది. అడగడానికి వెళితే, "జాకెట్లు కుట్టే మనిషి ప్రేక్షకురాలేమిటమ్మా?" అన్నాడు ఆ సంపాదకుడు. ఆ మాటకు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత ఆ పత్రికకు ఒక్క ముక్క రాయలేదు. వాళ్ళిచ్చే డబ్బులు నెల గడవడానికి కావలసి వచ్చిన రోజుల్లోనూ రాయలేదు. సిల్క్ స్మిత గురించి అప్పుడు వచ్చిన రాతల్లో కన్నీళ్ళకు కొదవ లేదు. ఆ పెన్సిలు కొలత మాత్రం ఎక్కడా లేదు.

ఇప్పుడు నీ నాలుగో పేజీకి వస్తాను. అక్కడ నువ్వు రాసింది ఇది: 'మా అక్క ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు బ్రిట్నీ పోస్టరు గోడకు అంటించుకుంది. గుండు వార్త వచ్చాక చించేసింది. ఈ డాక్యుమెంటరీ చూస్తూ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎందుకో అడగలేదు.' వెంటనే మళ్ళీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పోస్టు. అమ్మాయీ, ఆ నాలుగు వాక్యాలు చదివి నేను కాగితాలు పక్కన పెట్టేశాను. చాలా సేపు మళ్ళీ ముట్టుకోలేకపోయాను. ఎందుకు అడగలేదు? ఒకే ఇంట్లో ఉన్నారు, వంటిల్లు నాలుగడుగుల దూరం. అమెరికాలో ఎవరో ఏమన్నారో వెతకడానికి రాత్రులు మేలుకున్నదానివి, లేచి ఆ నాలుగడుగులు వేయలేకపోయావా?

అడగడం ఎలాగో ఆ డాక్యుమెంటరీలోనే ఉంది, నేర్చుకో. గొడుగు దెబ్బ తిన్న కారులోని ఫొటోగ్రాఫర్ కూర్చుని, మేము వెంటపడటం ఆమెకు ఇష్టం లేదని మాకెప్పుడూ అనిపించలేదు అన్నట్టు మాట్లాడుతాడు. మరి నన్ను వదిలేయండి అని ఆమె అన్నప్పుడో? అని వెనకనుంచి అడుగుతారు. ఆ రోజుకు వదిలేయమంది గానీ ఎప్పటికీ అని కాదు, అన్నట్టు అతని జవాబు. గొంతు పెంచిందీ లేదు, దోషిగా నిలబెట్టిందీ లేదు. ఒక చిన్న ప్రశ్న, అంతే. అక్కను నిలదీయకు. తప్పు ఒప్పించడానికి కూర్చోకు. ఆమె ఏదో పని చేసుకుంటున్నప్పుడు పక్కన చేరి చిన్న సంగతులు అడుగు. ఆ పోస్టరు ఎక్కడ కొంది? గోడకు దేనితో అంటించింది? చించినప్పుడు గదిలో ఎవరున్నారు, ఏమన్నారు? చించి ఎక్కడ పడేసింది? పెద్ద సంగతి ఆమే చెబుతుంది, చెప్పకపోతే చెప్పలేదనే రాయి. అడిగి రాసిన మౌనానికి బరువుంటుంది.

నీ వ్యాసంలో లేని ప్రేక్షకురాలు ఇంకొకరున్నారు. అది నన్ను అన్నిటికంటే బాధపెట్టింది. 2021 మార్చి చివర బ్రిట్నీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో ఒక మాట వచ్చింది. డాక్యుమెంటరీ తాను పూర్తిగా చూడలేదని, చూసినంతలో తనను చూపించిన తీరుకు సిగ్గుపడ్డానని, రెండు వారాలు ఏడ్చానని. ఆమె మీద జాలితో ఏడ్చినవాళ్ళలో కొందరు ఆ మాట నమ్మలేదు. ఇది ఆమె రాసినది కాదు, ఎవరో రాయించారు అన్నారు. వాళ్ళ అనుమానానికి కారణాలున్నాయి, 2008 నుంచి అప్పటిదాకా ఆమె డబ్బూ బతుకూ తండ్రితో సహా కోర్టు నియమించిన సంరక్షకుల చేతిలో ఉండేవి. అయినా ఆలోచించు. ఆమె గొంతు నొక్కేశారని బాధపడినవాళ్ళే, ఆ గొంతు తమకు నచ్చని మాట అనగానే అది ఆమెది కాదన్నారు. తన గుండు తలను తిరిగి తెర మీద చూడవలసివచ్చిన మనిషికి ఆ డాక్యుమెంటరీ ఎలా ఉంటుంది? మంచి ఉద్దేశంతో తీసినవాళ్ళు కూడా అవే ఫొటోలు వాడక తప్పలేదు. దీని మీద ఒక పేరా కూడా లేకుండా 'స్పందనలు' అనే శీర్షిక పెట్టడం అన్యాయం.

చివరి పేజీలో 'ఒక డాక్యుమెంటరీ ఆమెకు విముక్తి తెచ్చింది' అని రాశావు. కొట్టెయ్. అభిమానులు 2019 నుంచే కోర్టు బయట ప్లకార్డులతో నిలబడుతున్నారు. 2021 జూన్ 23న బ్రిట్నీయే ఫోనులో జడ్జి ఎదుట ఇరవై నిమిషాలకు పైగా మాట్లాడింది. లాస్ వెగాస్‌లో ఏళ్ళ తరబడి ప్రదర్శనలిచ్చిన మనిషి, తన శరీరంలోని గర్భనిరోధక సాధనాన్ని తీయించుకోవడానికి కూడా తనకు వీలివ్వడం లేదని చెప్పింది. జులైలో సొంత లాయరును పెట్టుకునే హక్కు దక్కింది. సెప్టెంబరు 29న తండ్రిని సంరక్షకుడి బాధ్యత నుంచి తప్పించారు. నవంబరు 12న సంరక్షణ ఉత్తర్వు రద్దయింది. డాక్యుమెంటరీ చాలామంది చెవులు ఇటు తిప్పింది, ఆ మాట రాయి. మాట్లాడింది మాత్రం ఆమే. ఈ తేదీలు ఇదే వరుసలో పెట్టు, విశేషణాలు తీసెయ్.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవచ్చా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు ఇది మార్చి రాయి. పోస్టులన్నీ తీసేస్తే వ్యాసం సగానికి తగ్గిపోతుంది, భయపడకు. సంక్రాంతికి నేను ఊళ్ళోనే ఉంటాను. కొత్త ప్రతి అప్పటికి పంపితే చదివి మళ్ళీ రాస్తాను. అక్కతో మాట్లాడిన సంగతులు ముందు నోటుపుస్తకంలో ఆమె అన్నవి అన్నట్టే రాసుకో, వ్యాసంలో పెట్టేముందు ఆమెకు చదివి వినిపించు. వద్దంటే తీసెయ్.

శుభాకాంక్షలతో,
మీ అత్తయ్య వయసున్న ఒక రచయిత్రి