అక్టోబర్‌లో హారర్ సినిమాలు: కొత్తగా వచ్చినవాళ్ళు ఏవి చూడాలి, ఏది ముందు పెట్టాలి

సెప్టెంబర్ చివరికి వచ్చేసరికి, కొత్తగా అమెరికా వచ్చిన పిల్లల దగ్గర్నుంచి నాకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. "అక్కా, మా టీమ్‌లో అందరూ హారర్ సినిమాలకు ర్యాంకులు వేస్తున్నారు. నీ టాప్ ఫైవ్ ఏంటని నన్నూ అడిగారు. నాకు దెయ్యం సినిమాలంటేనే పడదు, ఇంగ్లీషువి చూసింది కూడా తక్కువే. ఏం చెప్పమంటావు?"

కొన్ని చూడండి, మీ సొంత లిస్టు రాసుకోండి, దానికోసం గట్టిగా వాదించండి. సంక్రాంతికి వచ్చిన సినిమాల్లో ఏది హిట్టు, ఏది కాదని మనవాళ్ళు కనుమ దాకా ఎలా కొట్టుకుంటారో, ఇక్కడ అక్టోబర్‌లో హారర్ గురించి అలా కొట్టుకుంటారు. అక్టోబర్ 31న హాలోవీన్ అని దెయ్యాల వేషాలు వేసుకునే పండుగ, పిల్లలు ఇంటింటికీ చాక్లెట్ల కోసం వస్తారు, అందుకే ఈ నెలంతా భయం సినిమాల సీజన్. నెలంతా రోజుకొకటి చొప్పున 31 సినిమాలు చూసేవాళ్ళున్నారు, చూసిన ప్రతిదాన్నీ పైనా కిందా చేస్తూ ర్యాంకులు మార్చుకునేవాళ్ళున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి మాట్లాడాలంటే ముందు ఆ ఆట అర్థం కావాలి, దానికి చాలా కాలం పడుతుంది. సినిమాకైతే రెండు గంటలు కూర్చుంటే చాలు. కొత్త ఆఫీసులోనో, కొత్త యూనివర్సిటీలోనో నలుగురితో మాట కలపడానికి ఈ సీజన్‌లో ఇంతకంటే తేలికైన దారి నాకు కనపడలేదు.

కానీ ఎవరో వేసిన ర్యాంకులు తెచ్చి మీవని చెప్పకండి. "అందరూ గొప్పదంటున్నారు కాబట్టి నేనూ మొదట పెట్టా" అంటే మాట అక్కడే ఆగిపోతుంది. భయం మనిషి పెరిగిన చోటును బట్టి ఉంటుంది. ఆదివారం ఆదివారం చర్చికి వెళ్తూ పెరిగినవాళ్ళకి సైతాను పేరు వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. చేతబడులు, దిష్టి తీయడాలు, ఊరి చివర చింతచెట్టు కథలు వింటూ పెరిగిన మనలో చాలామందికి అది ఇంకెక్కడో తగులుతుంది. నేను ర్యాంకు వేసేటప్పుడు చూసేది ఒకటే: సినిమా అయిపోయి, లైట్లు వేసుకుని, పడుకోబోయే ముందు పళ్ళు తోముకుంటున్నప్పుడు కూడా అది నా వెంటే ఉందా లేదా అని. ఉలిక్కిపడేలా చేయడం పెద్ద విద్యేమీ కాదు. నిశ్శబ్దంగా ఉన్నచోట ఒక్కసారిగా పెద్ద చప్పుడు పెడితే ఎవరైనా ఉలిక్కిపడతారు. ఆ జంప్ స్కేర్ల మీదే బతికే సినిమాలను నేను ఎప్పుడూ కిందే పెడతాను. రక్తం, పేగులు చూపించి కడుపులో తిప్పేవి ఇంకా కింద.

నా లిస్టులో మొదటిది జాన్ కార్పెంటర్ 1978లో తీసిన ‘హాలోవీన్’. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా దీంతోనే మొదలుపెట్టండి. కథ జరిగేది ఇల్లినాయ్ రాష్ట్రంలో హాడన్‌ఫీల్డ్ అనే కల్పిత ఊళ్ళో, అక్టోబర్ 31న. తీసింది మాత్రం కాలిఫోర్నియాలో, చెట్లన్నీ పచ్చగా ఉండే వసంతకాలంలో. అందుకని ఆకులకు రంగేసి, రోడ్డు మీద చల్లి, షాట్ అయ్యాక మళ్ళీ ఏరి సంచుల్లో నింపుకుని తర్వాతి షాట్‌కి వాడుకున్నారు. శ్రద్ధగా చూస్తే కొన్ని షాట్లలో వెనకాల కాలిఫోర్నియా పామ్ చెట్లు కూడా కనపడతాయి. హంతకుడు పెట్టుకున్న ఆ తెల్ల మాస్కు అసలు ‘స్టార్ ట్రెక్’ అనే టీవీ సీరియల్‌లోని కెప్టెన్ కిర్క్ ముఖంతో అమ్మిన మాస్కు. దానికి తెల్లరంగు పూసి, కళ్ళ దగ్గర రంధ్రాలు పెద్దవి చేశారు. సంగీతం కూడా కార్పెంటరే కట్టాడు. మొత్తం సినిమా దాదాపు 3 లక్షల డాలర్లలో అయిపోయింది.

ఇంత తక్కువ డబ్బుతో అంత భయం ఎలా పుట్టిందంటే, రాత్రి సీన్లకంటే ముందు పగటి సీన్లు చూడమంటాను. హీరోయిన్ తన గది కిటికీలోంచి కిందకు చూస్తుంది. పట్టపగలు, ఎండ. పెరట్లో తీగ మీద ఆరేసిన దుప్పట్ల మధ్య ఆ మాస్కు మనిషి నిలబడి ఇటే చూస్తుంటాడు. పరిగెత్తడు, కత్తి ఎత్తడు. మరుక్షణం చూస్తే అక్కడ ఎవరూ ఉండరు, దుప్పట్లు మాత్రం ఊగుతుంటాయి. ఇప్పుడు మీరు అద్దెకుంటున్న వీధి గుర్తు తెచ్చుకోండి. ప్రహరీ గోడలు లేని ఇళ్ళు, గేటు ఉండదు, ముందంతా గడ్డి, మధ్యాహ్నం పూట కూడా రోడ్డు మీద మనిషి అలికిడి ఉండదు. మన ఊళ్ళో అరుగు మీద ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు, ఎదురింటి పిన్నిగారు ఎవరొచ్చారో ఎవరు పోయారో చూస్తూనే ఉంటారు. ఆ కాపలా లేని చోటికి వచ్చిపడ్డ మనకు ఈ సినిమా ఇక్కడివాళ్ళ కంటే ఎక్కువే పట్టుకుంటుందని నా గట్టి నమ్మకం. పైగా రక్తం చాలా తక్కువ, చూడగలరు.

రెండోది ‘గెట్ అవుట్’. జోర్డన్ పీల్ తీసిన మొదటి సినిమా, 2017లో వచ్చింది, ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ తెచ్చుకుంది. నల్లజాతి కుర్రాడొకడు తెల్లజాతి అమ్మాయిని ప్రేమించి, వాళ్ళ అమ్మానాన్నల్ని చూడటానికి వారాంతం వాళ్ళింటికి వెళ్తాడు. అందరూ నవ్వుతూనే పలకరిస్తారు, ఆ నవ్వుల వెనక ఏదో తేడాగా ఉంటుంది. అది ప్రధానంగా ఇక్కడి నల్లజాతివాళ్ళ కథ, ఆ చరిత్ర వాళ్ళది. ఆ గౌరవం ఉంచుకునే చూడాలి. అయినా, పార్టీలో మనమొక్కళ్ళమే వేరేగా ఉండి, అందరూ అతి మర్యాదగా మన రంగు గురించో మన దేశం గురించో అడుగుతున్నప్పుడు మనసులో మొదలయ్యే ఆ గుబులు మనకూ తెలిసిందే. దీని గురించి మీ నల్లజాతి సహోద్యోగులు మాట్లాడితే ముందు వినండి, చాలా నేర్చుకుంటారు.

‘ది ఎక్సార్సిస్ట్’ (1973) చాలామంది లిస్టుల్లో మొదటి స్థానంలో ఉంటుంది, ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు నామినేట్ అయిన మొదటి హారర్ సినిమా కూడా అదే. దెయ్యం పట్టిన ఒక పాప కథ. నేను మూడులో పెడతాను. నాకు దెయ్యం పట్టిన సీన్లకంటే, అంతకుముందు ఆస్పత్రిలో ఆ పాపకు చేసే పరీక్షలకే ఎక్కువ భయం వేసింది, మెడలో సూది గుచ్చే ఆ సీన్ ఇప్పటికీ కళ్ళు మూసుకోకుండా చూడలేను. తల్లి డాక్టర్ల చుట్టూ తిరుగుతుంది, ఎవరికీ ఏమీ అంతుపట్టదు. బిడ్డ ఉన్న ఏ అమ్మకైనా దెయ్యంతో పనిలేకుండానే అక్కడ గొంతు ఎండిపోతుంది.

నాలుగు ‘సైకో’. 1960 నాటిది, బ్లాక్ అండ్ వైట్ అని పక్కన పెట్టేయకండి. సినిమా మొదలయ్యాక ఎవర్నీ లోపలికి పంపొద్దని థియేటర్లకు దర్శకుడు హిచ్‌కాక్ షరతు పెట్టాడు. ఆ షవర్ సీన్‌లో రక్తంగా వాడింది చాక్లెట్ సిరప్. దీని గురించి ఇంకేమీ చదవకుండా, ఎవరినీ అడగకుండా చూడండి.

ఐదో స్థానంలో మన సినిమా పెట్టండి, మొహమాటపడకండి. నేను ‘అరుంధతి’ చెబుతాను. 2009లో కోడి రామకృష్ణ తీసింది. గద్వాల సంస్థానం కథ, బనగానపల్లె దగ్గరి పాత బంగళాలో తీశారు, ఆ బంగళాని ఇప్పుడు అక్కడివాళ్ళు అరుంధతి కోట అనే పిలుస్తున్నారు. సోనూ సూద్ వేసిన విలన్ పశుపతి పాత్రకి రవిశంకర్ చెప్పిన డబ్బింగ్ ఉంది చూడండి, ఆ గొంతు వింటే తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళు కూడా కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. అమెరికన్ స్నేహితులకు ఒక్క తెలుగు హారర్ చూపించాలంటే మాత్రం నేను ‘మసూద’ (2022) చూపిస్తాను. పాటల గొడవ తక్కువ, కూతురికి ఏమైందో తెలియని ఒంటరి తల్లి, ధైర్యం లేకపోయినా సాయానికి వచ్చే పక్కింటి కుర్రాడు. ఎవరికైనా అర్థమవుతుంది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో పిలిచే ముందే చూసుకోండి.

ఒక సినిమా గురించి విడిగా చెప్పాలి. ‘హెరిడిటరీ’ (2018) చాలా గొప్పగా తీసిన సినిమా, మీ స్నేహితులు తప్పకుండా చూడమంటారు. కానీ అది మొదలయ్యేదే ఇంట్లో పెద్దావిడ చావుతో, ఆ తర్వాత వచ్చేది ఇంకా పెద్ద దెబ్బ. ఈ మధ్యే ఇంట్లో ఎవరైనా పోయి, వీసా వల్లనో టికెట్ దొరక్కనో ఆఖరి చూపుకి వెళ్ళలేక ఇక్కడే ఉండిపోయినవాళ్ళు ఈ ఏడాది దాని జోలికి వెళ్ళకండి. "నేను ఇది ఇప్పుడు చూడలేను" అంటే ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు, కారణం కూడా చెప్పక్కర్లేదు.

ఒంటరిగా ఉంటున్నవాళ్ళకు ఇంకో సంగతి. ఇక్కడి ఇళ్ళు చాలావరకు చెక్కతో కట్టినవి, అవి చప్పుడు చేస్తాయి. చలి ప్రాంతాల్లో సరిగ్గా అక్టోబర్‌లోనే హీటర్ మళ్ళీ మొదలవుతుంది. వేడిగాలి వచ్చే రేకు గొట్టాలు గోడల్లోపల టక్ టక్‌మంటాయి, మొదటి రోజు దుమ్ము కాలిన వాసన వస్తుంది, మెట్లు ఎవరూ ఎక్కకుండానే కిర్రుమంటాయి. ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు తయారై దబ్బున కింద పడతాయి, అర్ధరాత్రి ఆ చప్పుడు వింటే ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది. సినిమా పెట్టుకునే ముందు ఒకరోజు టీవీ ఆపి, మీ ఇల్లు ఏ చప్పుడు ఎప్పుడు చేస్తుందో వినండి. తెలిసిన చప్పుడు భయపెట్టదు. అపార్ట్‌మెంట్ అయితే రాత్రి పది దాటాక సౌండ్ తగ్గించి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఈ సినిమాల్లో సగం మాటలు గుసగుసలే, కొత్తలో ఆ యాస చెవికి అందదు కూడా.

పిల్లలున్నవాళ్ళు రేటింగ్ చూడకుండా టికెట్లు కొనకండి. ఆర్ రేటింగ్ అంటే 17 ఏళ్ళలోపు వాళ్ళు పెద్దవాళ్ళతోనే రావాలి, కొన్ని థియేటర్లు సాయంత్రం తర్వాత మరీ చిన్నపిల్లల్ని మనతో వచ్చినా రానివ్వవు. మన తెలుగు సినిమాలకు చంకన వేసుకుని వెళ్ళే అలవాటు ఇక్కడ పనికిరాదు. లోపలికి పంపినా తీసుకెళ్ళొద్దని నా మనవి, తర్వాత నెలల తరబడి దీపం ఆర్పనివ్వరు. పదమూడేళ్ళు దాటిన పిల్లలు హారర్ కావాలని పట్టుబడితే ‘ది సిక్స్త్ సెన్స్’ (1999) మీరు పక్కన కూర్చుని చూపించండి. దాని రేటింగ్ పీజీ-13, అంటే పదమూడేళ్ళలోపు పిల్లల విషయంలో పెద్దవాళ్ళు జాగ్రత్తపడాలని. పైగా తీసిన మనోజ్ నైట్ శ్యామలన్ పుట్టింది మన యానాం లాగే పుదుచ్చేరి కిందకొచ్చే మాహేలో.

ఊరినుంచి అమ్మానాన్న వచ్చి ఉంటే, దసరా నవరాత్రులు కూడా చాలాసార్లు ఇదే నెలలో పడతాయి. హాల్లో కలశం పెట్టి, అదే హాల్లో రాత్రి పుర్రెలు, శవాలు చూస్తుంటే వాళ్ళకు మనసు కష్టంగా ఉంటుంది, నోరు తెరిచి అనకపోవచ్చు. ఆ తొమ్మిది రోజులూ స్నేహితుల ఇంట్లో చూడండి, లేకపోతే పండుగ అయ్యాక మొదలెట్టండి. పక్కింటి ముందు హాలోవీన్ అలంకారంగా వేలాడే అస్థిపంజరాల్ని పగలు నడకకు తీసుకెళ్ళి చూపించి, పిల్లలు చాక్లెట్ల కోసం వచ్చే పండుగని ముందే చెప్పండి.

డబ్బు పెద్దగా ఖర్చు పెట్టొద్దు. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకోండి, చాలాచోట్ల డీవీడీలు ఉచితం, కనోపీ, హూప్లా లాంటి సినిమాలు చూసే యాప్‌లు కూడా ఆ కార్డుతోనే నడుస్తాయి. ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ (1968) అయితే అదీ అక్కర్లేదు. సినిమా పేరు మార్చినప్పుడు దాని మీద కాపీరైట్ ముద్ర వేయడం మర్చిపోయారు, అప్పటి చట్టం ప్రకారం అది అందరి సొత్తు అయిపోయింది, ఆన్‌లైన్‌లో ఊరికే చూడొచ్చు. ఇక 31 సాయంత్రం ఎవర్నైనా సినిమాకి పిలిస్తే, చీకటి పడగానే మొదలుపెట్టకండి. వాకిట్లో లైటు వెలుగుతున్నంతసేపూ పిల్లలు బెల్లు కొడుతూనే ఉంటారు, సరిగ్గా మంచి సీన్‌లో లేవాల్సి వస్తుంది. ఎనిమిదిన్నరకు చాక్లెట్ గిన్నె లోపల పెట్టి, వాకిట్లో లైటు ఆపేసి, అప్పుడు ‘హాలోవీన్’ పెట్టండి.