ఎండు హాప్సా? ఊరవేసిన హాప్సా?

సందేహం: బ్రసెల్స్‌లోని బీరు తయారీ సంస్థ కాంటియోన్ వారి 'ఐరిస్' బీరు గురించి రాస్తూ 'ఓక్ పీపాలో వయసు మళ్లిన బీరులో ఎండు హాప్స్‌లు కలుపుతారు' అన్నాను. 'డ్రై హాపింగ్'కు ఇది సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. 'ఎండు' అన్న మాటే పాఠకుణ్ణి ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది. హాప్స్ అంటే బీరుకు చేదు, సువాసన ఇచ్చే హాప్ తీగ ఆడపూలు. వాటిని కోశాక మామూలుగా ఎండబెడతారు. మొదట్లో మరిగించేటప్పుడు వేసేవీ చాలావరకు ఎండువే. 'డ్రై' అన్నది పూల గురించి కాదు, వేసే పద్ధతి గురించి. మరుగుతున్న ద్రవంలో కాకుండా, పులిసిన బీరులో నేరుగా వేయడమే డ్రై హాపింగ్. మరిగిస్తే హాప్ పూలలోని ఆమ్లాలు మార్పు చెంది ద్రవంలోకి చేదు దిగుతుంది, సువాసననిచ్చే నూనెలు చాలావరకు ఆవిరైపోతాయి. చివర్లో వేస్తే వాసన నిలుస్తుంది, చేదు అంతగా పెరగదు. పీపాలో ఏళ్ల తరబడి ఉంటే తొలి హాప్ వాసన ఎలాగూ తగ్గిపోతుంది కాబట్టి మళ్లీ వేయడంలో అర్థముంది.

ఇక 'కలపడం'. పాలలో చక్కెర కలుపుతాం, చారులో కరివేపాకు వేస్తాం. కరిగి ఒకటైపోయేదానికి 'కలుపు', సారం దిగాక తీసేయగలిగేదానికి 'వేయు'. ఐరిస్ బీరు రెండేళ్లు పీపాలో ఉన్నాక, సీసాల్లో నింపడానికి సుమారు రెండు వారాల ముందు, తాజా, అంటే ఏళ్ల తరబడి నిల్వ ఉంచని, హాప్స్ ఉన్న గుడ్డ సంచిని పీపాలోకి దింపుతారు. తర్వాత సంచి బయటికి వచ్చేస్తుంది. ఇక్కడ 'ఊరవేయడం' ఇంకా బాగా కుదురుతుంది.

'వయసు మళ్లిన' అంటే మనకు సత్తువ ఉడిగిన అనే. పాపం, ఆ బీరు చేసిన నేరమేమిటి? 'మాగిన' అనండి. 'పులిసిన' అంటే మాత్రం చాలదు. పులియని బీరు ఉండదు, పీపాలో మాగనివి బోలెడు. 'హాప్స్‌లు' అక్కర్లేదు, 'హాప్స్' ఇంగ్లీషులోనే బహువచనం. 'హాప్ పూలు' అంటే తెలుగు చెవికి ఇంకా హాయి. 'పీపా' గురించి అనుమానం వద్దు. పోర్చుగీసు నుంచి వచ్చినా ఎప్పుడో మనదైపోయింది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: 'ఓక్ పీపాలో రెండేళ్లు మాగిన బీరులో, సీసాల్లో నింపే ముందు రెండు వారాలు హాప్ పూలు ఊరవేస్తారు.' సాంకేతిక పదం కావాలంటే 'డ్రై హాపింగ్' అనే ఉంచండి. 'పొడి హాపింగ్' అని మాత్రం వద్దు, హాప్స్‌ను పొడి కొట్టి వేశారనుకుంటారు.