రైమ్స్ పుస్తకం మొత్తం నోటికి వచ్చేసింది, మరి చదవడం ఎప్పుడు వస్తుంది?

మీ పాపకి నాలుగున్నరేళ్ళు, ఎల్‌కేజీ చదువుతోంది. గేయాల పుస్తకం తెరవగానే గడగడా అప్పజెప్పేస్తోంది కానీ, ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అంటే తెల్లమొహం వేస్తోంది. ఇదంతా ఉత్త బట్టీయేనా, పుస్తకాలు పక్కన పెట్టేసి అఆలు దిద్దించాలా అని అడిగారు.

పక్కన పెట్టకండి. మా పెద్దవాడు ఇప్పుడు రెండో తరగతి. వాడు తెలుగు చదవడం మొదలుపెట్టింది ఇలా నోటికి వచ్చిన గేయాలతోనే. రెండోది ఇప్పుడు అదే దారిలో ఉంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

బట్టీ అనగానే మనకి స్కూల్లో ఎక్కాలు, క్వశ్చన్ ఆన్సర్లు గుర్తొచ్చి టెన్షన్ వస్తుంది. గేయం విషయం వేరు. కొత్త కథ చదివేటప్పుడు పిల్లలు అక్షరం గుర్తుపట్టాలి, కూడబలుక్కోవాలి, ఆ మాటకి అర్థం ఏంటో ఆలోచించాలి. మూడూ ఒకేసారి. నోటికి వచ్చిన గేయంలో మాట, అర్థం రెండూ ముందే తెలుసు. ఏ మాట పేజీలో ఎక్కడుందో పట్టుకోవడం ఒక్కటే మిగులుతుంది. కాకపోతే అది దానంతట అది జరగదు, పక్కన కూర్చుని చూపించాలి.

దీని మీద ఇంగ్లండ్‌లో చాలా కాలం కిందటే పరిశోధన జరిగింది. ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన బ్రాడ్లీ, బ్రయంట్ అనే ఇద్దరు నాలుగైదేళ్ళ పిల్లలకి కొన్ని మాటలు వినిపించి, వాటిలో శబ్దం కలవని మాట ఏదో చెప్పమన్నారు. అది బాగా పట్టుకున్న పిల్లలు తర్వాతి ఏళ్ళలో చదవడంలోనూ ముందున్నారు. ఇంకో సంగతి మనకి ఎక్కువ పనికొస్తుంది. కొంతమంది పిల్లలకి శబ్దం కలిసే మాటల్ని పట్టుకోవడం మాత్రమే నేర్పారు, ఇంకొంతమందికి ఆ శబ్దాలతో పాటు ప్లాస్టిక్ అక్షరాలు కూడా చేతికిచ్చి నేర్పారు. అందరికన్నా ముందుకు వెళ్ళింది ఈ రెండో గుంపే. 1983లో నేచర్ పత్రికలో వచ్చిందిది. అంటే చెవి ఒక్కటే చాలదు, చెవికి తెలిసినదాన్ని కంటికి కూడా చూపించాలి. మీ పాపకి చెవి పని అయిపోయింది, కంటి పని మిగిలింది.

ఇక తెలుగు సంగతి. మన దగ్గర చెవికి వినబడేదీ కాగితం మీద కనబడేదీ దాదాపు ఒకటే. ఇంగ్లీషులో బేర్ (bear), చేర్ (chair), వేర్ (where) చివర వినడానికి ఒకేలా ఉంటాయి, స్పెల్లింగులు మాత్రం మూడూ మూడు రకాలు. తెలుగులో గంట, పంట, మంట, వంట, జంట అని రాసి ఒకదాని కింద ఒకటి పెట్టండి. సున్నా, ట అన్నిట్లోనూ అవే, మొదటి అక్షరం ఒక్కటే మారుతుంది. అందులోనూ మ, వ, ప అనేవి పిల్లల్ని బాగా తికమక పెట్టే అక్షరాలు, చూడటానికి దగ్గర దగ్గరగా ఉంటాయి. విడిగా పలక మీద రాసి ఇది మ, ఇది వ అంటే ఎంతకీ ఎక్కదు. కానీ పొయ్యి బొమ్మ కింద 'వంట' అనే చోట 'మంట' అని చదివితే మా వాడికి వాడికే నవ్వొచ్చేది. ఆ నవ్వుతోనే మళ్ళీ అక్షరం వైపు చూసేవాడు. దిద్దించడంతో రానిది అలా వచ్చింది.

అందుకే పుస్తకం కొనేటప్పుడు నేను ఒకటే చూస్తాను, ప్రాస ఎక్కడ పడింది అని. తెలుగులో వాక్యం చివర క్రియ వస్తుంది, కాబట్టి ప్రాస కలపడం చాలా తేలిక. వచ్చింది, తెచ్చింది, పోయింది, తినేసింది అని రాసుకుంటూ పోతే అదే గేయం అయిపోతుంది. మార్కెట్లో దొరికే సగం పుస్తకాలు ఇంతే. వాటిలో పిల్లలకి చివరి 'ంది' తప్ప కొత్తగా ఏమీ దొరకదు. బుట్ట, పిట్ట, గుట్ట లాంటివి చివర పడే గేయాలు వెతకండి. ఒక అక్షరం మారితే బొమ్మ కూడా మారిపోయేలా ఉండాలి.

పాతవాటిలో ఈ గుణం ఎక్కువ. చిట్టి చిలకమ్మ పాటే చూడండి. కెళ్ళావా, తెచ్చావా, పెట్టావా అని వరసగా వస్తాయి. చివర 'వా' ఎలాగూ ఒకటే, దానికి ముందున్నవి ళ్ళ, చ్చ, ట్ట. అన్నీ ద్విత్వాలే, అక్షరం కింద అదే అక్షరం ఒత్తు. యూకేజీలోనో ఒకటో తరగతిలోనో ఒత్తులు మొదలయ్యేసరికి, ఇవి నోట్లో ఎలా పలుకుతాయో పిల్లలకి ముందే తెలిసి ఉంటుంది.

మన ఛందస్సులో ప్రాస అంటే అసలు చివర కాదు, పాదంలో రెండో అక్షరం కలవడం. 'అక్కరకు రాని చుట్టము' పద్యంలో నాలుగు పాదాలూ రాసి చూస్తే, అక్క, మ్రొక్కి, నెక్కి, గ్రక్కు, నాలుగు చోట్లా రెండో అక్షరం క కింద క ఒత్తే. నాలుగున్నరేళ్ళ పిల్లకి ఆ పద్యం అర్థం కాదు, ఇప్పుడే చెప్పమనడం లేదు. ఆరేడేళ్ళు వచ్చాక మాత్రం క ఒత్తు నేర్పడానికి అంతకన్నా మంచి పాఠం నాకు కనబడలేదు. మా వాడు నాలుగు పాదాల్లోనూ దాన్ని వెతికి పెన్సిలుతో సున్నాలు చుట్టాడు. పెన్ను ఇవ్వకపోవడం మంచిదైంది.

రాత్రి పడుకునే ముందు మేం చేసేది ఇది. ఒకే గేయం, వరసగా కొన్ని రోజులు. మాటకి ఒక్కసారి చొప్పున వేలు కదుపుతూ చదువుతాను, గీత గీసినట్టు గబగబా జరపను. నాలుగో రోజుకి వేలు వాళ్ళది. పాట వేగం వేలికన్నా ముందుకు వెళ్ళిపోతుంది, చివరి మాట దగ్గరికి వచ్చేసరికి వేలు ఇంకా మధ్యలోనే ఉంటుంది. కంగారు పడకండి. "అయ్యో, వేలు వెనకబడిపోయింది, మళ్ళీ రమ్మందాం" అంటే వాళ్ళే మళ్ళీ మొదలుపెడతారు. అలా సరిపెట్టుకోవడంలోనే, పాటలో ఒక్కో మాట కాగితం మీద ఒక్కో ముద్దగా ఉంటుందని తెలుస్తుంది. ఆ తర్వాత ప్రాస పడే మాటని బొటనవేలితో మూసేస్తాను. ఏముందో చెప్పాక వేలు తీస్తాను, చెప్పిన మాటలో మొదటి అక్షరం అక్కడ నిజంగా ఉందో లేదో వాళ్ళే చూసుకోవాలి. ఈ ఒక్క ఆట ఆడినా చాలు, మిగతావన్నీ ఓపిక ఉంటేనే.

ఒకసారి గ్యాస్ ఏజెన్సీ ముందు బండి ఆపితే మా పెద్దవాడు బోర్డు చూసి "వంట" అని చదివేశాడు. పక్కన 'గ్యాస్' దగ్గర ఆగిపోయాడు. గ కింద ఆ మెలిక ఏంటని అడిగాడు. గేయాలు ఎంతవరకు తీసుకెళ్తాయో, ఎక్కడ వదిలేస్తాయో అక్కడ తెలిసింది. ద్విత్వాలు వస్తాయి, మాట చివరలు వస్తాయి, మ, వ తేడా వస్తుంది. క్ష, గ్యా, స్త్ర లాంటివి, గుణింతం మొత్తం వరసగా, ఇవి గేయాలతో రావు. మన పక్క భాష కన్నడంలో సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు చేసిన అధ్యయనాల్లో కూడా ఈ లిపులు పూర్తిగా పట్టుబడటానికి పిల్లలకి చాలా ఏళ్ళే పడుతుందని తేలింది. కాబట్టి దిద్దించడం ఎప్పటికీ వద్దని కాదు. కూర్చోబెట్టి దిద్దించే పని ఇంకో ఏడాది ఆగవచ్చు, అంతే. స్కూల్లో ఒత్తిడి ఉంటే హోంవర్క్ వరకు చేయించండి, ఇంట్లో మళ్ళీ దాన్నే సాగదీయకండి.

యూట్యూబ్ రైమ్స్ గురించి కూడా అడిగారు. చెవికి పనికొస్తాయి, కంటికి కాదు. బొమ్మలు గంతులేస్తుంటే కింద అక్షరాలు ఎవరు చూస్తారు? పాట నేర్చుకోవడానికి ఒకటి రెండుసార్లు పెట్టి, ఆపేసి పుస్తకం తీయండి.

ఇంకొక్క మాట, మీ పాప విషయం కాదు గానీ ఇది చదివే వేరేవాళ్ళ కోసం. ఐదేళ్ళు దాటినా గంట, పంట కలుస్తాయని అసలు పట్టుకోలేకపోతున్నా, తరచూ జలుబు చేసి చెవిపోటు వస్తున్నా, ముందు ఒకసారి వినికిడి పరీక్ష చేయించండి. సరిగ్గా వినబడకపోతే మనం ఎంత పాడినా లాభం లేదు.

పుస్తకాల సంగతి. హైదరాబాదులో ఉంటే 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళ పుస్తకాలు ఒకసారి చూడండి, ధరలు తక్కువ, తెలుగు శుభ్రంగా ఉంటుంది. డబ్బు పెట్టకుండా కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగువి బోలెడు ఉన్నాయి, స్థాయిలవారీగా ఉంటాయి. మొదటి స్థాయివి దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు. అక్షరాలు బొమ్మల మీద అచ్చయినవి, మాటని సగంలో విరిచి కింది లైనుకి నెట్టేసినవి కొనకండి. వేలు పెట్టి చదివే పిల్లలకి అవి నరకం.

వీటన్నిటికన్నా మా ఇంట్లో ఎక్కువ నలిగింది అట్ట ఊడిపోయిన ఒక లాంగ్ నోట్‌బుక్. వాళ్ళ నాయనమ్మ చెప్పే పాటలు స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి పెట్టాను. పేజీకి నాలుగే లైన్లు, మాటకీ మాటకీ మధ్య వేలు పట్టేంత ఖాళీ, ప్రాస మాటలు ఒకదాని కింద ఒకటి వచ్చేలా. బొమ్మలు వాళ్ళే వేసుకున్నారు. మీ పాపకి ఇప్పటికే నోటికి వచ్చినవాటిలో అన్నిటికన్నా చిన్నది ఒకటి తీసుకుని మొదటి పేజీ రాయండి. ఒత్తు మాత్రం అక్షరానికి అంటుకుపోకుండా, స్పష్టంగా కిందకి వచ్చేలా రాయండి.