‘మనం’లో ఎవరెవరు ఉన్నారు?

సందేహం: మాది కడప జిల్లా. పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. తొమ్మిదేళ్ల మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. మొన్న లిఫ్టు దగ్గర పక్కింటావిడతో “ఆంటీ, రేపు మనం తిరుపతి వెళ్తున్నాం” అంది. ఆవిడా తెలుగువారే. “అవునా, మమ్మల్నీ తీసుకెళ్తున్నారా?” అని నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది. ‘మేము’ అనాలని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ ‘మనం’ అనే అంటోంది. ఇంత తేటతెల్లమైన తేడా పిల్లకు ఎందుకు తెలియడం లేదు? బెంగళూరు తెలుగులో ఇది తప్పు కాదని సరిపెట్టుకోవాలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: సరిపెట్టుకోకండి, అది తప్పే. వింటున్నవారిని కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’. బెంగళూరైనా కడపైనా తెలుగులో ఈ తేడా చెరగలేదు, చెరగకూడదు కూడా.

కానీ మీరు వాడిన ‘తేటతెల్లం’ అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. మడ్డి కిందికి దిగాక పైన నిలిచే నీరు తేట. అలా తేరుకోవడానికి సమయం పడుతుంది. మీకు ఈ తేడా ఎవరూ పాఠంగా చెప్పి ఉండరు. వీధిలో ఆడుకుంటూ “మా జట్టు గెలిచింది”, “మన జట్టులోకి రా” అని వందసార్లు విని, అని, పోట్లాడి నేర్చుకున్నారు. మీ అమ్మాయికి ఆ వీధి లేదు. తెలుగు వినేది ఇంట్లోనే, మీ నోటే. ఇంట్లో మీరేమంటారు? “మనం తిందాం”, “మనం ఆదివారం పార్కుకు వెళ్దాం.” ప్రతి మాటలోనూ ఆ పిల్ల ఉంది. తనను వదిలి మీరు ‘మేము’ అనే సందర్భం ఎంత అరుదో గమనించండి. మీ మాటలు విన్న పిల్ల, మన ఇంటివాళ్లందరి పేరూ ‘మనం’ అనుకుంది. తాను విన్నంతలో ఆ ఊహ సరైనదే.

ఇంకొక చిక్కు ఉంది. “రేపు తిరుపతి వెళ్తున్నాం” అన్నామనుకోండి. ఇందులో మేమా, మనమా? క్రియను బట్టి చెప్పలేం. రెండింటికీ ‘వెళ్తున్నాం’ ఒక్కటే. పైగా తెలుగులో కర్తను చెప్పకుండానే సగం మాటలు నడిచిపోతాయి. మీకు స్పష్టంగా వినబడుతున్న తేడా చాలా వాక్యాల్లో అసలు లేదు. మీరు దాన్ని మనసులో నింపుకుంటున్నారు.

ఇక బడిలో, ఆటల్లో వినే కన్నడంలో రెండింటికీ ‘నావు’ ఒక్కటే. మీరు రోజూ చూసే బెంగళూరు మెట్రో రైలు ‘నమ్మ మెట్రో’ పేరునే తెలుగు చేసి చూడండి. మన మెట్రో అనాలా, మా మెట్రో అనాలా? 2011లో రైళ్లు మొదలైనప్పటి నుంచి కన్నడిగులకు ఆ ప్రశ్నే రాలేదు, వారి ‘నమ్మ’లో రెండూ ఇమిడిపోతాయి. మనం మాత్రం ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. తమిళంలో ‘నామ్’, ‘నాంగళ్’ అని మనలాగే రెండున్నాయి. హిందీలో ‘హమ్’ ఒక్కటే.

కన్నడిగులకు కొట్టొచ్చినట్లు కనబడేది మనకు కనబడని చోటు కూడా ఉంది. నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో, మా ఇంటి యజమానితో వాళ్ల అమ్మగారు వచ్చారని చెప్పబోయి “నిమ్మ తాయి బంతు” అన్నాను. తెలుగులో అమ్మా వచ్చింది, బస్సూ వచ్చింది. అదే అలవాటు నా నాలుక మీద ఉంది. కన్నడంలో ‘బంతు’ బస్సుకు సరిపోతుంది. మనిషికి ‘బందళు’, పెద్దవారైతే ‘బందరు’. ఆయన ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. తర్వాత మెల్లగా “బందరు” అని సరిదిద్దారు. తల్లిని వస్తువులా అన్నానని ఆయనకు తోచింది. నాకు ఆ తేడా అప్పటిదాకా వినబడనే లేదు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తు (పురుషులు), అమహత్తు (స్త్రీలు, జంతువులు, వస్తువులు) అంటూ చెప్పిన విభజన చదివినవాణ్ణే. ఏకవచనంలో స్త్రీకీ, వస్తువుకూ క్రియ ఒక్కటేనన్నది నాకు తెలిసిన సూత్రమే. అయినా పొరుగువారి చెవితో దాన్ని వినడం నాకు ఆ రోజే తెలిసింది. అందుకే మీ అమ్మాయిని కోప్పడవద్దని నా మనవి.

పట్టుకోవడానికి ఒక కొస మీ ఇంట్లోనే ఉంది. పక్కింటావిడతో మీ అమ్మాయి “మన అమ్మ పిలుస్తోంది” అనదు, “మా అమ్మ” అనే అంటుంది. గమనించండి. అంటే ‘మా’ తనకు వచ్చు. “మా అమ్మ, మా ఇల్లు, మా కారు అంటావు కదా, ఆ ‘మా’ వాళ్లమే మేము” అని చెప్పండి. సూత్రం అంతకు మించి అక్కర్లేదు. కొన్నాళ్లు కర్తను మింగేయకుండా మాట్లాడండి. “మేము కూరగాయలు తెస్తాం, నువ్వు తాతయ్య దగ్గర ఉండు” అన్నప్పుడు ఆ ‘మేము’ తనకు కాస్త గుచ్చుకుంటుంది, అది మంచిదే.

తిరుపతి నుంచి వచ్చాక కడపలోని అమ్మమ్మకు ఫోను చేసి ఆ ప్రయాణం ముచ్చట్లన్నీ మీ అమ్మాయినే చెప్పనివ్వండి. ‘మనం’ అన్న ప్రతిసారీ అమ్మమ్మ “నేనెప్పుడు వచ్చాను తల్లీ?” అని అడగాలి, అంతే. ఆ మాట ముందుగానే ఆవిడ చెవిన వేసి ఉంచండి.