కెమెరా సందేహాలు: 60 వేల రూపాయల్లో ఏ బాడీకి మారాలి?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. కొన్నేళ్లుగా కెనాన్ ఈఓఎస్ 1200డి వాడుతున్నాను. 18-55, 55-250 లెన్సులతో పాటు 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం లెన్సు, ఒక ఫ్లాష్, దాన్ని దూరం నుంచి వెలిగించే రేడియో ట్రిగ్గర్ ఉన్నాయి. మా చెల్లెలి కూచిపూడి ప్రదర్శనలను రవీంద్రభారతిలోనూ, శిల్పారామంలోనూ తీస్తుంటాను. సెలవు రోజుల్లో తెలిసినవారి ఇళ్లలో ఉయ్యాల ఫంక్షన్లు, ఓణీల ఫంక్షన్లు తీసి కొంత సంపాదించుకుంటున్నాను. నృత్యం ఫొటోలు మాత్రం మసకగా, చుక్కలు చుక్కలుగా వస్తున్నాయి. 60 వేల రూపాయలు కూడబెట్టాను. సెకండ్ హ్యాండ్‌లో ఫుల్‌ఫ్రేమ్ 6డి తీసుకోమని ఒకరు, 200డి మార్క్ 2 తీసుకోమని మరొకరు, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ ఆర్50కి మారమని దుకాణంవారు చెబుతున్నారు. ఏది కొనాలో దయచేసి తెలియజేయగలరు.

జవాబు: మసక, చుక్కలు అని మీరు రాసిన రెండు లోపాలకూ మూలం ఒక్కటే, వేదిక మీది వెలుతురు మీ లెన్సుకు చాలకపోవడం. 55-250 లెన్సును పూర్తిగా జూమ్ చేస్తే దాని అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్ పక్కని అంకె తగ్గేకొద్దీ అది పెద్దదవుతుంది) ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 3200 పెట్టినా షట్టర్ స్పీడు సెకనులో 60వ వంతు దగ్గరే ఆగిపోయిందనుకోండి, జతి నడుస్తున్నప్పుడు ఆ కాస్త వ్యవధిలోనే చేతులూ పాదాలూ చోటు మారిపోతాయి. లెన్సులో ఉన్న స్టెబిలైజర్ మీ చేతి వణుకును సరిదిద్దుతుంది గాని, నర్తకి కదలికను ఆపలేదు. అభినయం వరకు 250వ వంతు సరిపోవచ్చు, వేగమైన అడుగులకు 500వ వంతు కావాలి. ఆ వేగం కోసం ఐఎస్‌ఓను ఇంకా పెంచితే చుక్కలు వస్తాయి, పెంచకపోతే మసక వస్తుంది. మీరు ఇప్పుడు ఈ రెండింటి మధ్య చిక్కుకున్నారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/1.8కి వస్తే సెన్సర్‌పై పడే వెలుతురు తొమ్మిదిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది, అంటే 60వ వంతు ఉన్న చోట అదే ఐఎస్‌ఓతో 500వ వంతుకు మించిన వేగం దొరుకుతుంది. మీ 1200డి సెన్సర్ నుంచి ఫుల్‌ఫ్రేమ్‌కు మారితే సెన్సర్ వైశాల్యం సుమారు 2.6 రెట్లు పెరుగుతుంది, దానివల్ల కలిసివచ్చేది ఒకటింబావు స్టాప్ చిల్లర (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు కావడం). కొత్త సెన్సర్లు చుక్కలను కొంత మెరుగ్గా అణచగలవన్నది నిజమే అయినా, లెన్సు ఇచ్చే లాభం ముందు అది చిన్నది. అందుకే బాడీ గురించి అడిగిన మీకు ముందుగా లెన్సు గురించి చెబుతున్నాను.

ఖర్చు లేని పరీక్ష ఒకటి మీ చేతిలోనే ఉంది. వచ్చే ప్రదర్శనకు ముందు వరుసలో చోటు సంపాదించి, 50 ఎంఎం లెన్సును ఎఫ్/2 దగ్గర, షట్టర్‌ను 500వ వంతు దగ్గర పెట్టి, ఐఎస్‌ఓను అవసరమైనంత పెంచుకుంటూ తీయండి. నర్తకి ఫ్రేములో చిన్నగా కనిపించినా ఫొటో పదునుగా, శుభ్రంగా వస్తే మీ అవసరం తేలిపోయినట్లే, అది 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు. కెనాన్ ఈఎఫ్ 85 ఎంఎం ఎఫ్/1.8 యూఎస్‌ఎం 1992 నుంచి ఉన్న లెన్సు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో వెతకడం కష్టం కాదు. దానిలో స్టెబిలైజర్ లేదు, కానీ 500వ వంతు దగ్గర దాని అవసరం పెద్దగా పడదు. సభలో వెనుక వరుసల నుంచే తీయవలసి వస్తే మాత్రం 85 ఎంఎం చాలదు. నిర్వాహకులతో ముందే మాట్లాడి, ప్రేక్షకులకు అడ్డు రాకుండా వేదిక పక్కన నిలబడే అనుమతి అడగడం మంచిది.

ఇక బాడీల విషయం. 6డిని మీకు సిఫారసు చేయలేను. 2012లో వచ్చిన ఆ కెమెరా చీకటిలో ఇప్పటికీ మంచి ఫలితమే ఇస్తుంది, కానీ మీ 18-55, 55-250 రెండూ చిన్న సెన్సర్ బాడీల కోసం చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సులు కావడంతో దానికి అసలు బిగించడమే కుదరదు. అంటే బాడీ కొన్న రోజునే మీ చేతిలో 50 ఎంఎం ఒక్కటే మిగులుతుంది, ఫంక్షన్ల కోసం మళ్లీ ఒక జూమ్ లెన్సు కొనాలి. పైగా 11 ఆటోఫోకస్ పాయింట్లలో క్రాస్ రకానిది (నిలువు, అడ్డ గీతలు రెండింటి మీదా ఫోకస్ పట్టగలిగేది) మధ్యలోని ఒక్కటే. నర్తకి వేదిక అంతటా తిరుగుతుంటే మధ్య పాయింటును ఎప్పుడూ ఆమె ముఖం మీదే నిలపడం చాలా కష్టం.

200డి మార్క్ 2 తేలికైన, చక్కని కెమెరా. అయినా వ్యూఫైండర్‌లో చూసి తీసేటప్పుడు దానికీ మీ 1200డికి ఉన్నట్లే తొమ్మిది ఆటోఫోకస్ పాయింట్లే ఉన్నాయి. ఇంతకంటే పెద్ద ఇబ్బంది మరొకటుంది, దుకాణాల్లో ఈ సంగతి అరుదుగా చెబుతారు. ఆ మోడల్ హాట్‌షూలో (పైన ఫ్లాష్ బిగించే చోట) మధ్యన ఉండవలసిన పిన్నును కెనాన్ తీసివేసింది. ఆ పిన్ను మీద ఆధారపడే ఇతర కంపెనీల ట్రిగ్గర్లు, ఫ్లాష్‌లు దానిపై వెలగవు. ఫంక్షన్లతో సంపాదించుకుంటున్న మీరు మీ ట్రిగ్గర్‌ను దుకాణానికి తీసుకెళ్లి, బాడీ మీద పెట్టి, ఫ్లాష్ వెలుగుతోందో లేదో చూడకుండా ఏ కెమెరానూ కొనకండి.

ఆర్50 దగ్గరా ఇదే తగాదా. దాని షూలో పాత తరహా కాంటాక్టులు లేవు, మీ ఫ్లాష్ పనిచేయాలంటే ఏడీ-ఇ1 అనే అడాప్టర్ విడిగా కొనాలి. మీ లెన్సుల కోసం ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అనే మౌంట్ అడాప్టర్ కూడా కావాలి. ఆ అడాప్టర్‌లో గాజు కటకాలేమీ ఉండవు కాబట్టి ఫొటో నాణ్యత తగ్గదు, ఆటోఫోకస్ కూడా మామూలుగానే పనిచేస్తుంది. 1200డిలో వాడే ఎల్‌పి-ఇ10 బ్యాటరీ దీనికి పట్టదు, మిర్రర్‌లెస్ కెమెరాలు బ్యాటరీని త్వరగా ఖాళీ చేస్తాయి, కాబట్టి అదనపు బ్యాటరీ తప్పనిసరి. ఇవన్నీ కలిపిన తర్వాతే ఆర్50 ధరను మిగతావాటితో పోల్చాలి. మనిషి కంటిని గుర్తించి వెంటాడే దాని ఆటోఫోకస్ నృత్యానికి నిజంగా గొప్ప సాయం, అందులో సందేహం లేదు. అదే సాయంతో పాటు మామూలు ఫ్లాష్‌లు నేరుగా పట్టే హాట్‌షూ, రెండు కంట్రోల్ డయళ్లు, సెకనుకు 15 ఫ్రేముల మెకానికల్ షట్టర్ ఉన్న ఆర్10 మీ పనికి దానికంటే ఎక్కువ తగినది. అయితే కొత్త ఆర్10 బాడీ, మౌంట్ అడాప్టర్, అదనపు బ్యాటరీ, 85 ఎంఎం లెన్సు అన్నీ 60 వేలలో సర్దుకోవు. మిర్రర్‌లెస్ బాడీల ఎలక్ట్రానిక్ షట్టర్ నిశ్శబ్దంగా ఉంటుంది కదా, సభలో పనికొస్తుంది కదా అనుకోవచ్చు. ఎల్‌ఈడీ దీపాల కింద దానితో ఫొటోలపై అడ్డ చారలు పడే అవకాశం ఉంది కాబట్టి ఆ ఒక్క కారణంతో మిర్రర్‌లెస్ వైపు మొగ్గకండి.

నా సలహా ఇది. ముందు 85 ఎంఎం లెన్సు కొని, కొంతకాలం మీ 1200డి మీదనే వాడండి. ఆ తర్వాత మిగిలిన సొమ్ముతో సెకండ్ హ్యాండ్ 80డి వెతకండి. 2016లో వచ్చిన ఆ బాడీలో 45 ఆటోఫోకస్ పాయింట్లున్నాయి, అన్నీ క్రాస్ రకానివే. సెకనుకు ఏడు ఫ్రేములు తీస్తుంది, మీ 1200డి తీసేది మూడే. మీ లెన్సులన్నీ అడాప్టర్ లేకుండా నేరుగా పడతాయి, హాట్‌షూలో మధ్య పిన్ను ఉంది, ఒక్క బ్యాటరీతో ఫంక్షన్ దాదాపు గడిచిపోతుంది. వ్యూఫైండర్‌లో కంటిని వెంటాడే సదుపాయం లేకపోవడం, పాయింట్లు ఫ్రేము అంచుల దాకా వ్యాపించకపోవడం దాని లోపాలు. రేపు మీ సంపాదన పెరిగి ఆర్ శ్రేణికి మారినా 85 ఎంఎం లెన్సు అడాప్టర్‌తో అక్కడా పనిచేస్తుంది, ఆ డబ్బు వృథా కాదు. నిర్ణయానికి ముందు 80డిని, ఆర్10ని చెరొక రోజు అద్దెకు తీసుకుని ప్రదర్శన తీసి చూడగలిగితే ఇంకా మంచిది. సినిమా పనివారు ఎక్కువగా ఉండే కృష్ణానగర్ వైపు అద్దెకిచ్చేవారి కోసం విచారించండి. 1200డిని మాత్రం అమ్మవద్దు. దానికి వచ్చే ధర తక్కువ, ఫంక్షన్ మధ్యలో కొత్త బాడీ మొరాయిస్తే పరువు నిలబెట్టేది అదే.

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాను. కోఠీలో సెకండ్ హ్యాండ్ 80డి చూశాను. షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు పడిందన్న లెక్క) తక్కువేనని అమ్మేవారు అంటున్నారు, ఎలా నిర్ధారించుకోవాలి? వేరొక చోట కొత్త కెమెరానే బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

జవాబు: నికాన్ కెమెరాలైతే తీసిన ఫొటో ఫైలులోనే షట్టర్ కౌంట్ నమోదవుతుంది, కెనాన్‌లో ఆ సౌకర్యం సాధారణంగా ఉండదు. కాబట్టి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపించి తెలుసుకోవడం నమ్మకమైన మార్గం. 80డి షట్టర్‌ను లక్ష క్లిక్కుల కోసం పరీక్షించి రూపొందించారు, అది దాటగానే ఆగిపోతుందని కాదు గాని, ధర తగ్గించమని అడగడానికి అది సరైన ఆధారం.

కౌంట్ ఒక్కటే చూసి మురిసిపోకండి. అపర్చర్ ఎఫ్/16 పెట్టి తెల్లని గోడను తీసి, ఫొటోను పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది ధూళి, గీతలు బయటపడతాయి. లెన్సు మూత పెట్టి కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే చెడిన పిక్సెళ్లు రంగు చుక్కలుగా కనిపిస్తాయి. ప్రతి బటన్‌నూ డయల్‌నూ తిప్పి చూడండి, కార్డు స్లాటులో పిన్నులు వంగాయేమో గమనించండి, బ్యాటరీ ఉబ్బి ఉంటే కొత్త దాని ఖర్చు లెక్కలో వేసుకోండి. లెన్సు కూడా కలిపి ఇస్తుంటే టార్చ్ వెలుగులో లోపలికి చూడాలి, ఎందుకంటే వానాకాలంలో మూసి ఉంచిన బీరువాల్లో పెట్టిన లెన్సులకు ఫంగస్ సాలెగూడులా పట్టి ఉంటుంది, అలాంటిది ఎంత చవకైనా వద్దు. బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబరు పాత బిల్లులోని నంబరుతో సరిపోవాలి.

బిల్లు లేని కొత్త కెమెరా తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. డిజిటల్ కెమెరాలపై జీఎస్టీని 2019 జనవరిలో 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. ఆ పన్ను ఎగ్గొట్టి మీకు తగ్గించి ఇచ్చేది కొంతే, వదులుకునేది మాత్రం కంపెనీ వారంటీని. దొంగ వస్తువు కాదని రుజువు చేసుకునే కాగితం కూడా మీ దగ్గర ఉండదు.

ప్రశ్న: ఉప్పల్ నుంచి రాస్తున్నాను. నాన్నగారు వాడిన 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్సు నా నికాన్ డి5300 మీద ఆటోఫోకస్ కావడం లేదు. అందుకని జెడ్ శ్రేణి మిర్రర్‌లెస్ బాడీ, దానికి పాత నికాన్ లెన్సులను బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ కొనాలనుకుంటున్నాను. సరైన నిర్ణయమేనా?

జవాబు: కాదు. ఆ లెన్సులో ఫోకస్ మోటార్ లేదు, దాన్ని తిప్పే మోటార్ బాడీలోనే ఉండాలి. డి5300లో అది లేదు, ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ లేదు. అంత ఖర్చు పెట్టినా మళ్లీ చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి. డి7200, డి7500 వంటి బాడీల్లో ఆ మోటార్ ఉంది. ఈ ఒక్క లెన్సు తప్ప మీ కెమెరాతో వేరే అసంతృప్తి లేకపోతే మాత్రం బాడీ జోలికి వెళ్లకుండా ఏఎఫ్-ఎస్ 50 ఎంఎం ఎఫ్/1.8జి లెన్సు తీసుకోండి. అది మీ డి5300 మీదే ఆటోఫోకస్ అవుతుంది.