ఒక్క అంకె తేడాతో రెండు ప్రాసెసర్లు

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ కంప్యూటర్ సైన్సులో చేరింది. బ్రాడీపేటలోని ఒక షాపులో రెండు ల్యాప్‌టాప్‌లు చూశాము. ఒకదానిలో ఏఎండీ రైజెన్ 5 7520యు, మరొకదానిలో రైజెన్ 5 7530యు ప్రాసెసర్ ఉన్నాయి. రెండోదాని ధర ఆరు వేలు ఎక్కువ. "రెండూ ఒకటే సిరీస్ సార్. పైగా మొదటిదాని బేస్ స్పీడ్ 2.8 గిగాహెర్ట్జ్, రెండోదానిది 2.0 మాత్రమే. ర్యామ్ కూడా మొదటిదాంట్లోనే కొత్త రకం" అని షాపులోని కుర్రవాడు చెబుతున్నాడు. ఆరు వేలు ఎక్కువ పెట్టడం దండగేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ కుర్రవాడు చెప్పిన అంకెల్లో అబద్ధమేమీ లేదు. 7520యు 6 నానోమీటర్ల పద్ధతిలో తయారైందనీ, 7530యు 7 నానోమీటర్లదనీ (ఈ అంకె తగ్గేకొద్దీ తయారీ పద్ధతి కొత్తది) కూడా జోడించి ఉంటే అతని వాదనకు మరింత బలం వచ్చేది. అయినప్పటికీ పనితీరులో 7530యు స్పష్టంగా ముందుంటుంది కాబట్టి, మీ అమ్మాయి చదువును బట్టి ఆ ఆరు వేలు పెట్టి దాన్నే తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అసలు సంగతి పేరులోని మూడో అంకెలో ఉంది. ఏఎండీ 2022లో ప్రకటించిన పద్ధతి ప్రకారం నాలుగంకెల్లో మొదటిది ఏ సంవత్సరపు మోడలో చెబితే, మూడోది లోపలి కోర్లు (అసలు లెక్కలు చేసే భాగాలు) ఏ తరానివో చెబుతుంది. 7520యులో ఉన్నవి 2019లో మొదలైన జెన్ 2 కోర్లు, 7530యులో ఉన్నవి 2020లో వచ్చిన జెన్ 3 కోర్లు. అంటే రెండూ పాతవే, కాకపోతే ఒకటి మరీ పాతది. క్లాక్ వేగం (గిగాహెర్ట్జ్) సమానంగా ఉన్నప్పుడు జెన్ 2 కంటే జెన్ 3 సగటున 19 శాతం ఎక్కువ పని చేస్తుందని ఏఎండీయే అప్పట్లో ప్రకటించింది. 2023 చివర్లో ఇంటెల్ కంపెనీ ఈ 7520యునే ఉదాహరణగా చూపి, పాత కోర్లను కొత్త పేరుతో అమ్ముతున్నారని ఏఎండీని ఎద్దేవా చేసింది; పాత చిప్పులకు కొత్త నంబర్లు తగిలించడంలో ఇంటెల్ కూడా తక్కువ తినలేదన్నది వేరే విషయం.

తరం ఒక్కటే కాదు, కోర్ల సంఖ్యలోనూ తేడా ఉంది. 7520యులో 4 కోర్లు, 8 థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు) ఉంటే 7530యులో 6 కోర్లు, 12 థ్రెడ్లు ఉన్నాయి. ప్రాసెసర్ తరచుగా వాడే సమాచారాన్ని దగ్గర పెట్టుకునే ఎల్3 క్యాష్ మొదటిదానిలో 4 ఎంబీ కాగా రెండోదానిలో 16 ఎంబీ. మరి బేస్ స్పీడ్ ఎందుకు తక్కువగా ఉందంటే, రెండు చిప్పులకూ నిర్దేశించిన విద్యుత్తు 15 వాట్లే. ఆ 15 వాట్లను నాలుగు కోర్లకు బదులు ఆరు కోర్లు పంచుకోవలసి వచ్చినప్పుడు, అన్నీ ఏకధాటిగా పని చేస్తున్న స్థితిలో ఒక్కో కోరుకు కంపెనీ హామీ ఇవ్వగల కనీస వేగం సహజంగానే తగ్గుతుంది. అవసరమైనప్పుడు అందుకోగల గరిష్ఠ వేగం చూస్తే 7520యుది 4.3, 7530యుది 4.5 గిగాహెర్ట్జ్. కోర్ల సంఖ్యా, తరమూ వేరైనప్పుడు బేస్ స్పీడ్‌ను పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

ర్యామ్ విషయానికి వస్తే, 7520యుతో వచ్చే ఎల్‌పీడీడీఆర్5 కొత్తదే, వేగమైనదే. కానీ అది మదర్‌బోర్డు మీద అతికించి వస్తుంది. ఇప్పుడు 8 జీబీ కొంటే ఎప్పటికీ 8 జీబీయే. యాప్ తయారీకి వాడే ఆండ్రాయిడ్ స్టూడియో, దానితో పాటు కంప్యూటర్లోనే ఫోనును అనుకరించే ఎమ్యులేటర్, పక్కన బ్రౌజరు తెరిచేసరికి అది చాలదు. 7530యు ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి అదనపు డీడీఆర్4 ర్యామ్ పెట్టుకునే స్లాటు ఉంటుంది, కొన్నింటికి ఉండదు. అది అడిగి తెలుసుకోండి. న్యాయంగా చెప్పాలంటే 7520యుకు ఒక మేలు ఉంది: యూట్యూబ్ వాడే ఏవీ1 రకం వీడియోలను దాని గ్రాఫిక్స్ భాగమే నేరుగా చూపగలదు, 7530యులోని పాత వేగా గ్రాఫిక్స్‌కు ఆ సౌకర్యం లేదు.

స్టిక్కరును నమ్మకుండా షాపులోనే చూసుకునే మార్గం ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద సీపీయూ ఎంచుకుంటే కుడివైపు కోర్ల సంఖ్య, లాజికల్ ప్రాసెసర్ల (అంటే థ్రెడ్ల) సంఖ్య, ఎల్3 క్యాష్ కనిపిస్తాయి. మీరు చూసిన రెండింటిలో 6, 12, 16 అని ఉన్నది 7530యు. మెమరీ పేజీలో ర్యామ్ ఎంతో, ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో కూడా తెలుస్తుంది.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 7530యు ప్రాసెసరే. ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ ఆర్23 పరీక్ష నడిపితే ఇంటర్నెట్‌లో ఇతరులు చూపుతున్న స్కోరు కంటే బాగా తక్కువ వస్తోంది. మోసపోయానా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: టాస్క్ మేనేజర్‌లో పై అంకెలే కనిపిస్తుంటే మోసమేమీ జరగలేదు. ప్రాసెసర్ ఒకటే అయినా దానికి ఎన్ని వాట్లు, ఎంతసేపు ఇవ్వాలో ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ నిర్ణయిస్తుంది. పలుచటి మోడళ్లలో ఆ పరిమితి తక్కువ. ఆర్23 పరీక్ష మామూలుగా పది నిమిషాల పాటు సాగుతుంది. మే నెల బెజవాడ మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, మంచం మీది పరుపుపై పెట్టి నడిపితే గాలి ఆడక చిప్పు వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. బల్ల మీద పెట్టి, పవర్ మోడ్‌లో బెస్ట్ పెర్ఫార్మెన్స్ ఎంచుకుని, పొద్దున్నే మరోసారి నడిపి చూడండి. మీరు పోల్చే స్కోరు కూడా ఆర్23దే అయి ఉండాలి, సినీబెంచ్ 2024 వెర్షన్ అంకెలు వేరే కొలమానంలో ఉంటాయి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన అసలు చార్జరునే పెట్టండి. ఫోను కోసం కొన్న టైప్-సీ చార్జరు తగిలిస్తే కొన్ని మోడళ్లు చాలినంత విద్యుత్తు అందక వేగం తగ్గించి నడుస్తాయి.