గుడ్డులో పిల్ల కట్టిందా?

ప్రశ్న: కోడిని పొదగేసి 5 రోజులైంది. గుడ్డులో పిల్ల పెరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇంకో 2 రోజులు ఆగండి. 7వ రోజు రాత్రి గదిలో లైట్లు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చిని గుడ్డు లావుపాటి వైపు ఆనించి చూడండి. సాలీడు కాళ్లలా ఎర్రటి సన్నని నరాలు, వాటి మధ్య నల్లటి చుక్క కనిపిస్తే పిల్ల పెరుగుతున్నట్టే. ఆ చుక్క దాని కన్ను. నేను మొదటిసారి చూస్తుండగా అది చిన్నగా కదిలింది. గుడ్డు పట్టుకున్న నా చెయ్యి వణికిపోయింది, ఇప్పటికీ మరచిపోలేను.

ఏమీ లేకుండా లోపలంతా తేటగా వెలిగితే పిల్ల కట్టలేదు. నరాలు చెదిరి ఎర్రటి ఉంగరంలా గీత మిగిలితే మధ్యలోనే చనిపోయింది. గోధుమరంగు పెంకులో సరిగా కనపడదు. అనుమానంగా ఉన్నదాన్ని తొందరపడి తీసేయకండి, 10వ రోజు మళ్లీ చూడండి. 18వ రోజు నుంచి మాత్రం అసలు కదిలించొద్దు.